నాయకులుండగా నది పేరా!

రష్యా ఉత్తరాన, కోమి రిపబ్లిక్‌లో, పెచోరా నది గట్టున ఉస్త్-త్సిల్మా అని ఓ ఊరుంది. పేరు పెట్టే విషయంలో ఆ ఊరికి జరిగిన ఘోర అన్యాయాన్ని పాఠకుల దృష్టికి తేకపోతే నాకు నిద్ర పట్టదు.

1542లో నొవ్‌గొరోద్ నుంచి వచ్చిన ఇవాన్ లాస్త్కా అనే పెద్దమనిషి ఈ ఊరికి పునాది వేశాడు. పునాది వేసినవాడు మొదట చేయాల్సిన పనేమిటి? తన పేరు పెట్టుకోవడం. మొహమాటమైతే తండ్రి పేరు. అదీ కాదంటే ఏలినవారి పేరు. ఇవేవీ జరగలేదు. త్సిల్మా అనే ఏరు అక్కడ పెచోరాలో కలుస్తోంది కదా అని ‘త్సిల్మా కలిసేచోటు’ అనేసి చేతులు దులుపుకున్నారు. ఏటికి ఓటు హక్కుందా, వర్ధంతి ఉందా?

పోనీ, ఆ పేరైనా కుదిరిందా అంటే అదీ లేదు. ఊరేమో పెచోరా కుడి గట్టున. త్సిల్మా వచ్చి కలిసేది ఎడమ గట్టున. ఊళ్లో ఉన్నవాడు తన ఊరి పేరును దగ్గరగా చూడాలంటే పడవెక్కాలి. చలికాలం నది గడ్డకడుతుంది కాబట్టి నడిచెళ్లి చూసి రావచ్చు. ప్రభుత్వం తరఫున కాకపోయినా, ప్రజల సౌకర్యం గురించి ఎవరో ఒకరు ఆలోచించారని సంతోషించాలి.

అక్కడి నగరాలు ఇలా లేవు. నది పేరుతో బతుకుతున్న సమారా 1935లో సోవియట్ నాయకుడి పేరుతో కూయిబిషెవ్ అయింది. ఇజ్ నది పేరున్న ఇజెవ్‌స్క్‌ది మరీ ముచ్చట. సోవియట్ రక్షణమంత్రి ఉస్తినోవ్ 1984 డిసెంబరు 20న కన్నుమూశాడు. 27కల్లా ఊరు ఉస్తినోవ్ అయిపోయింది. వారంలో ఫైలు కదిలిందంటే అదీ పరిపాలన! కానీ కృతజ్ఞత లేని జనం. 1987లో ఇజెవ్‌స్క్ వాళ్లు, 1991లో సమారా వాళ్లు మళ్లీ నదుల పంచనే చేరారు. త్సరీత్సా ఏటి మీద పేరున్న త్సరీత్సిన్ 1925లో స్టాలిన్‌గ్రాడ్ అయి, 1961లో వోల్గోగ్రాడ్‌గా తేలింది. అన్నన్ని బోర్డులు రాయించి చివరికి సాధించిందేమిటయ్యా అంటే, చిన్న ఏటి నుంచి వోల్గాకు ప్రమోషన్.

ఉస్త్-త్సిల్మా వాళ్లకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. జులైలో ‘గోర్కా’ పండగంటారు. ఆడవాళ్లు పెట్టెల్లోంచి ముత్తవ్వల నాటి జరీ సరఫాన్‌లు (చేతుల్లేని పొడవాటి గౌన్లు) తీసి తొడుక్కుని, చెయ్యీ చెయ్యీ పట్టుకుని వలయాలుగా తిరుగుతూ పాడతారు. సెయింట్ పీటర్ పండగ ముందు రాత్రి ఏటిగట్టునే నెగళ్లు వేసి వరిగల జావ కాచుకుంటారు. ముఖ్య అతిథి లేడు, ఫ్లెక్సీ లేదు, జ్యోతి ప్రజ్వలన లేదు. జావ ఎలా దిగుతుందో గొంతు!

కాబట్టి నా డిమాండ్ ఒక్కటే. పేరు మార్చడం కుదరకపోతే ఊరినైనా అవతలి గట్టుకు మార్చాలి. అంచనాలు రెడీగా ఉన్నాయి, శిలాఫలకం నమూనా కూడా. పైన నా పేరు, కింద మా కమిటీ సభ్యుల పేర్లు. త్సిల్మా పేరు కూడా వేయిస్తాం, చోటు మిగిలితే.