తూకం రాస్తున్నారు, మాట చెప్పడం లేదు

ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల లోపు మహిళల్లో 36.3 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. తెలంగాణలో ఆ వాటా 30.1 శాతం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన లెక్క ఇది. ఏపీలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మహిళలకు రక్తహీనత ఉందని చెప్పిందీ ఆ సర్వేనే. ఒంట్లో కొవ్వుకు కొదవ లేదు, రక్తానికి మాత్రం కరవు. మన ఆడపిల్లల్లో ఎందరో ఈ స్థితిలోనే నెల తప్పుతున్నారు. మరోవైపు దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువున్నవారు 2015-16లో 2.1 శాతం కాగా, తర్వాతి సర్వేకు 3.4 శాతమయ్యారు. అంకె చిన్నదే కదా అని పక్కన పెట్టేందుకు లేదు. తల్లి కడుపులో ఉన్నప్పుడే బిడ్డ బరువుకు కొంత పునాది పడుతోందని గత యాభై ఏళ్ల పరిశోధనలు చెబుతున్నాయి.

గర్భిణి తిండి గురించి మన ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. ఇద్దరి తిండి తినాలని అత్తగారు కొసరి కొసరి వడ్డిస్తారు. బిడ్డ లావైతే కాన్పు కష్టమని ఎనిమిదో నెలలో పక్కింటి పెద్దావిడ తినే చేయి పట్టుకుంటుంది. రెండింటిలో ఏదీ సరైన సలహా కాదు. నాలుగో నెల నుంచి రోజుకు అదనంగా 350 కిలో క్యాలరీలు చాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. అంటే రోజూ తినేదానికి తోడు రెండు ఇడ్లీలు, ఒక గుడ్డు, గ్లాసుడు పాలు. అంతకు మించి లేదు, అంతకు తగ్గకూడదు.

మొత్తమ్మీద ఎంత బరువు పెరగాలన్నది గర్భం దాల్చేనాటి బరువును బట్టి ఉంటుంది. అమెరికా వైద్య సంస్థ 2009లో ఇచ్చిన పట్టిక ప్రకారం బక్కపలచని మహిళ 12.5 నుంచి 18 కిలోలు, సాధారణ బరువున్నామె 11.5 నుంచి 16 కిలోలు పెరగవచ్చు. అధిక బరువున్నామెకు 7 నుంచి 11.5, ఊబకాయం ఉన్నామెకు 5 నుంచి 9 కిలోలు చాలు. ఆ అంకెలు అక్కడి ఒడ్డూపొడుగులకు వేసినవి, మనం యథాతథంగా దించుకోనక్కర్లేదు. కానీ అందరికీ ఒకటే కొలత పనికిరాదన్న సూత్రం మనకూ వర్తిస్తుంది. ఇక్కడ జరుగుతున్నదేమిటి? గర్భిణి చెప్పులు విడిచి తూకం యంత్రం ఎక్కుతుంది. ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్‌ఎం ముల్లు చూసి తల్లీబిడ్డల కార్డులో అంకె వేస్తుంది, బీపీ చూస్తుంది, ఐరన్ మాత్రలు చేతిలో పెట్టి తర్వాతి వాళ్లను పిలుస్తుంది. పోయిన నెలకూ ఈ నెలకూ తేడా ఎంత, అది ఈమె ఎత్తుకూ మొదటి బరువుకూ సరిపోతుందా అన్న మాట చాలాచోట్ల రానే రాదు. తప్పు ఏఎన్‌ఎంది కాదు. ఒక్కపూటలో అన్ని రిజిస్టర్లు నింపాల్సిన మనిషి నుంచి సలహాలు కూడా ఆశించడం అత్యాశ.

బరువు పట్టింపు వట్టి చాదస్తమేమీ కాదు. అమెరికాలోని మిషిగన్, న్యూజెర్సీ రాష్ట్రాల్లో అయిదు లక్షలకు పైగా తల్లులకు పుట్టిన బిడ్డల వివరాలను పరిశోధకులు 2010లో పోల్చి చూశారు. జన్యువుల ప్రభావాన్ని పక్కకు పెట్టేందుకు ఒకే తల్లి రెండు కాన్పులను పక్కపక్కన ఉంచారు. 24 కిలోలకు మించి పెరిగిన కాన్పులో పుట్టిన బిడ్డ, 8-10 కిలోలు పెరిగిన కాన్పు బిడ్డ కన్నా సుమారు 150 గ్రాములు ఎక్కువ తూగింది. అరిజోనాలోని పీమా తెగ కుటుంబాల్లోనూ ఇలాంటిదే కనిపించింది. తల్లికి మధుమేహం రాకముందు పుట్టిన పిల్లల కన్నా, వచ్చాక పుట్టిన తోబుట్టువులు ఎక్కువ లావయ్యారు. కారణం అంతుచిక్కనిది కాదు. తల్లి రక్తంలోని చక్కెర మాయను దాటి బిడ్డకు చేరుతుంది, ఆమె ఇన్సులిన్ మాత్రం దాటదు. వచ్చిపడిన చక్కెరను సర్దడానికి బిడ్డ క్లోమగ్రంథి తానే ఎక్కువ ఇన్సులిన్ తయారు చేస్తుంది, మిగులు కొవ్వుగా పేరుకుంటుంది.

ఎపిజెనెటిక్స్ అన్న మాట ఈ చర్చలోకి వచ్చింది ఇక్కడే. జన్యువులు మారకుండానే వాటి పనితీరు మారడాన్ని చెప్పే శాస్త్రమిది. పరీక్షల ముందు పాఠ్యపుస్తకంలో ఇది చదవాలి, ఇది వదిలేయాలి అని పెన్సిల్‌తో పెట్టుకునే గుర్తుల్లా జన్యువుల మీద మిథైల్ అనే రసాయన గుర్తులు పడతాయి. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో తీవ్రమైన కరవు వచ్చింది. అప్పుడే కడుపున పడినవారిలో, పెరుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్-2 జన్యువు మీద ఈ గుర్తులు తమ తోబుట్టువుల కన్నా తక్కువగా ఉన్నాయని అరవై ఏళ్ల తర్వాత, 2008లో తేలింది. అంతకుముందు 1976లోనే మరో సంగతి బయటపడింది. గర్భం తొలి సగంలో కరవు తాకిన మగపిల్లలు పందొమ్మిదేళ్ల వయసులో ఎక్కువగా లావయ్యారు. చివరి నెలల్లో తాకినవారిలో ఊబకాయం తక్కువే. పొట్ట నిండకపోయినా, మరీ నిండినా బిడ్డకు చేటేనన్నమాట. పుణె దగ్గరి పల్లెల్లో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం చూపించిందీ అదే. అక్కడి శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ శిశువులది 3.5 కిలోలు. మన బిడ్డలో కండ తగ్గింది, చర్మం కింద కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు.

ఇంతవరకూ సరే. ఈ సైన్సును తల్లి మీదికి విసిరే రాయిగా మార్చడమే మాకు అభ్యంతరం. 'నువ్వు తిన్నందుకే పిల్లాడు ఇలా అయ్యాడు' అనడానికి మన బంధువర్గానికి కొత్త సాకు అక్కర్లేదు. శాస్త్రం కూడా అంత దూరం వెళ్లలేదు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో అధిక బరువున్న 2,212 మంది గర్భిణుల్లో సగం మందికి తిండి, వ్యాయామం గురించి ప్రత్యేకంగా సలహాలిచ్చారు. వారికి నాలుగు కిలోలకు మించిన శిశువులు తక్కువగా పుట్టారు. కానీ ఆ పిల్లలు మూడు నుంచి అయిదేళ్ల వయసుకు వచ్చేసరికి రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. నెల తప్పాక మొదలుపెడితే ఆలస్యమైపోతోందని, పుట్టాక ఆ ఇంట్లో తినే తిండి పాత్ర పెద్దదని దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి. ఆ ఇంట్లో తండ్రి కూడా ఉంటాడు. సాయంత్రం బిస్కెట్ ప్యాకెట్లూ కూల్‌డ్రింకులూ చాలాసార్లు ఆయన చేతిలోనే వస్తాయి.

మనకు చేరువలోనే ఒక మంచి రుజువు ఉంది, దాని గురించి చెప్పుకోవాల్సినంతగా చెప్పుకోవడం లేదు. 1987-90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాల్లో పదిహేనింట గర్భిణులకూ పసిపిల్లలకూ అంగన్‌వాడీ పథకం కింద మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. మిగతా పద్నాలుగు ఊళ్లకు అప్పటికి పథకం రాలేదు. ఆ పిల్లలకు 13-18 ఏళ్లు వచ్చాక పరీక్షిస్తే, ఉప్మా ఊళ్ల పిల్లలు మిగతా ఊళ్ల పిల్లల కన్నా సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు, మధుమేహానికి దారితీసే, వారి శరీరం ఇన్సులిన్‌ను ఎదిరించే గుణం 20 శాతం తక్కువ. ఒంట్లో కొవ్వు మాత్రం పెరగలేదు. పేదింటి గర్భిణికి కడుపు నిండా పెడితే బిడ్డ లావైపోతాడన్న భయం అక్కర్లేదని ఆ ఊళ్లు తేల్చి చెప్పాయి.

అందుకే అంగన్‌వాడీ భోజనంలో కోత పెట్టే ఆలోచన ఎవరికీ రాకూడదు. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి, ఏపీలో సంపూర్ణ పోషణ వంటి పేర్లతో ఆ భోజనం అందుతూ వచ్చింది. ప్రభుత్వం మారితే పథకం పేరు మారుతుందేమో గానీ గుడ్డు గుడ్డే, పాలు పాలే. అధిక బరువున్నామెకు పప్పు, గుడ్డు, కూర అలాగే ఉంచి అన్నం, తీపి ఎంత తినాలో చెప్పగలగాలి. దానికి అంగన్‌వాడీ టీచర్‌కు ఎత్తు-బరువు పట్టిక, కాస్త శిక్షణ, మాట్లాడేందుకు పది నిమిషాలు కావాలి. కొత్త రిజిస్టర్ మాత్రం వద్దు.

అసలు పని పెళ్లికి ముందే మొదలవ్వాలి. 2019-21 సర్వే ప్రకారం 20-24 ఏళ్ల మహిళల్లో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవారు ఏపీలో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఇంటర్ చదవాల్సిన వయసులో కడుపుతో ఉన్న పిల్లకు ఎపిజెనెటిక్స్ గురించి చెప్పి ఏం లాభం? గురుకులాల్లో, కళాశాల హాస్టళ్లలో రక్తహీనతతో పాటు బరువునూ ఏటా చూడాలి, అక్కడి మెనూలో పప్పూ గుడ్డూ పెరగాలి. గర్భంలో మధుమేహం వచ్చిన తల్లికి కాన్పయిన ఆరు వారాలకు 75 గ్రాముల గ్లూకోజుతో మళ్లీ పరీక్ష చేయాలని కేంద్ర మార్గదర్శకాల్లోనే ఉంది. కానీ అప్పటికి చాలామంది పుట్టింట్లో ఉంటారు, కాన్పు చేసిన ఆసుపత్రి వేరే ఊళ్లో ఉంటుంది. బిడ్డకు నెలన్నర టీకా వేయించే రోజు కూడా అదే కాబట్టి, టీకా కేంద్రంలోనే తల్లికీ ఆ పరీక్ష జరిగేలా రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖలు ఈ ఏడాదే ఉత్తర్వులివ్వాలి.