తొమ్మిదేళ్ల ఎడంతో రెండు పతకాలు

లిథువేనియా ఆధునిక పెంటథ్లాన్ క్రీడాకారిణి లారా అసదౌస్కైతె గురించి నేను చదివిన ఒక వ్యాసంలో, 2012 లండన్ ఒలింపిక్స్‌లో సాధించిన స్వర్ణాన్నే వ్యాసకర్త ఆమె క్రీడాజీవితానికి శిఖరంగా చూపారు. నా దృష్టిలో 2021లో, 37 ఏళ్ల వయసులో, టోక్యోలో ఆమె గెలిచిన రజతం అంతకంటే గొప్పది.

2024 పారిస్ ఒలింపిక్స్ వరకు కత్తిసాము, ఈత, గుర్రపుస్వారీ, పరుగు, షూటింగ్ అనే అయిదు అంశాలతో సాగిన ఆధునిక పెంటథ్లాన్‌లో ఏ ఒక్కదానిలో తడబడినా మిగిలిన నాలుగింటి శ్రమ వృథా అయ్యే ప్రమాదం ఉండేది. పైగా అప్పట్లో గుర్రం సొంతది కాదు. చీటీలో వచ్చిన అపరిచితమైన గుర్రంతో కాసేపు మాత్రమే సాధన చేసి అడ్డుకంచెలు దూకించాల్సి వచ్చేది. అదే టోక్యోలో, అప్పటివరకు ముందంజలో ఉన్న జర్మనీ క్రీడాకారిణి గుర్రం మొరాయించడంతో పతకానికి దూరమైంది.

అసదౌస్కైతె అసలు బలం పరుగు, షూటింగ్ కలిసి సాగే చివరి అంశంలో ఉంది. అంతకుముందు సంపాదించిన పాయింట్ల తేడాను సెకన్లుగా మార్చి ఒకరి వెనుక ఒకరిని వదులుతారు కనుక, వెనుకబడినవారు ముందున్నవారిని కళ్లెదుటే తరిమి దాటాలి. పరుగెత్తి ఎగశ్వాసతో వచ్చి, వెంటనే చేయి వణకకుండా అయిదు లక్ష్యాలను లేజర్ పిస్టల్‌తో కొట్టడమంటే ఊపిరినీ గుండెదడనూ అదుపులోకి తెచ్చుకోవడమే. లండన్‌లో ఆమెను గెలిపించిన ఈ నేర్పు, 2016 రియోలో పతకం దక్కకపోయినా, టోక్యోలోనూ చెక్కుచెదరలేదు. వ్యాసంలో ఆ పరుగుకు ఒక్క వాక్యమే దక్కడం నాకు నిజంగా బాధ కలిగించింది.