సూపర్‌హీరో కామిక్స్ ఎక్కడ మొదలుపెట్టాలి: ఆ ఆరు పాయింట్ల ఫార్వర్డ్‌కి నా జవాబు

పొద్దున్నే ఫోన్ తీస్తే మళ్లీ అదే మెసేజ్. ఈ వారంలో నాలుగోసారి. కాలేజీ బ్యాచ్ గ్రూపులో ఒకసారి, కజిన్స్ గ్రూపులో రెండుసార్లు, ఇప్పుడు ఆఫీసులో పక్క సీటాయన "నువ్వు కామిక్స్ చదువుతావుగా, ఇది చూశావా" అని ప్రేమగా పంపాడు. చూశానండీ, చూసి చూసి విసుగొచ్చే ఇది రాస్తున్నా.

చూడనివాళ్ల కోసం ఆ మెసేజ్‌లో ఉన్నది ఇదీ. కొత్తగా సూపర్‌హీరో కామిక్స్ చదవాలంటే ఒకటి, సూపర్‌మాన్ మొదటిసారి వచ్చిన 1938 నుంచి వరసగా రావాలి. రెండు, నచ్చిన సినిమా ఏ కామిక్ నుంచి వచ్చిందో దానితో మొదలెట్టాలి. మూడు, అమెరికాలోని రెండు పెద్ద కామిక్స్ కంపెనీల్లో మార్వెలా డీసీనా ముందే తేల్చుకోవాలి. నాలుగు, ఒకటో నంబర్లు, అంటే మొదటి సంచికలు, కొని కవర్ విప్పకుండా దాచుకోవాలి, రేటు పెరుగుతుంది. ఐదు, అన్నిటికంటే గొప్పది వాచ్‌మెన్ కాబట్టి ముందు అదే. ఆరు, ఇంట్లో పిల్లలకి గిఫ్ట్ ఇవ్వాలంటే ది కిల్లింగ్ జోక్, చిన్న పుస్తకం, బ్యాట్‌మాన్ విలన్ జోకర్ ఎలా పుట్టాడో తెలుస్తుంది. చివర్లో పది మందికి పంపమని. పంపుతున్నారు కూడా, అదే నా బాధ.

మూడోదానికి ఒక్క మాట చాలు. తేల్చుకోనక్కర్లేదు, రెండూ చదవొచ్చు. నాలుగోది నమ్మి 1990ల్లో బోలెడుమంది మునిగారు. 1991లో వచ్చిన ఎక్స్-మెన్ ఒకటో నంబర్ 80 లక్షల కాపీలు దాటి అమ్ముడైంది, అందరి దగ్గరా ఉన్న వస్తువుకి రేటెక్కడ పెరుగుతుంది, ఇప్పటికీ అది చవగ్గానే దొరుకుతుంది. 1996 కల్లా మార్వెల్ కంపెనీయే దివాలా పిటిషన్ వేసింది. అయినా పుస్తకం విప్పకుండా దాచుకోమనే సలహా చదవడం గురించిన మెసేజ్‌లో ఎందుకుందో!

ఇక మొదటిది, 1938 నుంచి వరసగా. డగ్లస్ వోక్ అనే రచయిత మార్వెల్ మీద 2021లో ఒక పుస్తకం తెచ్చాడు, దానికోసం 27 వేలకి పైగా మార్వెల్ కామిక్స్ చదివాడు. రోజుకి మూడు చదివినా మనకి 24 ఏళ్లు దాటుతుంది, అదీ ఒక్క కంపెనీవే, డీసీ ఇంకా ముట్టుకోలేదు. ఆయన కూడా వరసలో చదవలేదు, చేతికి ఏది దొరికితే అది చదువుకుంటూ పోయాడు. పోనీ అంత ఓపిక ఉండి వరసగా చదివినా ఒకే కథ వస్తుందా అంటే రాదు. డీసీ వాళ్లు 1985-86లో తమ కథల్లోని వేర్వేరు లోకాలన్నీ కలిపేసి కథ కొత్తగా మొదలుపెట్టారు, 2011లో మళ్లీ చాలావరకు తుడిచేసి ఒకటో నంబర్ నుంచి ఎత్తుకున్నారు. రాసేవాళ్లే అన్నిసార్లు చెరిపి రాస్తుంటే చదివేవాడు దేనికి వరస కట్టాలి?

చిన్నప్పుడు చందమామలో బేతాళ కథలు ఎలా చదివాం? 1947 జులై సంచిక తెమ్మని ఎవరైనా అడిగారా? బస్టాండ్‌లో ఏ నెలది దొరికితే అది. పట్టు వదలని విక్రమార్కుడు, చెట్టు, శవం, భుజం, ఆ మొదటి పేరా ప్రతిసారీ ఉండేది, అక్కడితో కథలో పడిపోయేవాళ్లం. వారపత్రికల సీరియల్స్‌లో "జరిగిన కథ" అని వేసేవాళ్లు, ఇప్పటి మార్వెల్ కామిక్స్ చాలావాటిలో మొదటి పేజీ అచ్చంగా అదే. 2005లో మొదలైన ఆల్-స్టార్ సూపర్‌మాన్ అయితే ఇంకా తక్కువలో తేల్చేసింది. మొదటి పేజీ తెరిస్తే నాలుగు బొమ్మలు, మొత్తం కలిపి ఇంగ్లిష్‌లో ఎనిమిదే మాటలు. నాశనమైపోయే గ్రహం, దిక్కుతోచని శాస్త్రవేత్తలు, చివరి ఆశ, దయగల ఒక జంట. పేజీ తిప్పగానే సూర్యుడి ముందు ఎగురుతూ సూపర్‌మాన్. 1938 నుంచి మోసుకురావలసిన బరువంతా ఆ ఒక్క పేజీ!

రెండోది, సినిమా నచ్చితే దాని కామిక్. వినడానికి బాగుంటుంది, చాలామంది చేసేది కూడా ఇదే, చేసి "నాకు అర్థం కాలేదు" అని కామిక్స్ మొత్తానికే దణ్ణం పెట్టేస్తారు. సివిల్ వార్ తీసుకోండి, అదే పేరున్న కెప్టెన్ అమెరికా సినిమాకి మూలమైన మార్వెల్ కామిక్. 2006-07లో ఏడు ఇష్యూలుగా వచ్చింది, చుట్టూ దానికి తోకలుగా వేరే ఇష్యూలు బోలెడు. రెండో ఇష్యూ చివర్లో స్పైడర్‌మాన్ ప్రెస్ ముందు నిలబడి ముసుగు తీసి నా పేరు పీటర్ పార్కర్ అంటాడు. 1962 నుంచి 44 ఏళ్లు ఎన్ని తంటాలు పడి దాచుకున్న పేరు అది, తనని పెంచిన మే పిన్నికి ఏమైపోతుందో అని భయపడి దాచుకున్నది. అది తెలిసినవాడికి గుండె ఆగుతుంది. సినిమా చూసి వచ్చినవాడికి ఎవరో కుర్రాడు మాస్క్ తీశాడు, అంతే. పైగా సినిమాలో ఆ సీనే లేదు.

వాచ్‌మెన్ గొప్పదే, నా దగ్గర రెండు కాపీలున్నాయి. పాత్రలన్నీ కొత్తవే కాబట్టి కథ అర్థం కాకపోవడం ఉండదు, అది ఒప్పుకుంటా. కానీ అది అప్పటిదాకా వచ్చిన సూపర్‌హీరోలందరి మీదా అలాన్ మూర్, డేవ్ గిబ్బన్స్ వేసిన ప్రశ్న. పేరడీ పాట పట్టుకోవాలంటే అసలు పాట చెవిలో ఉండాలి కదా, ఇదీ అంతే. ఓ పది పుస్తకాలయ్యాక చదవండి, రెట్టింపు దక్కుతుంది.

ఇప్పుడు ఆరోది. నేను కూర్చుని ఇదంతా టైప్ చేస్తున్నది దీని గురించే.

ఈ మెసేజ్ తయారుచేసినవాడు ది కిల్లింగ్ జోక్ చదివాడా అసలు? యాభై పేజీలు కూడా లేవు నిజమే, అయితే? సన్నగా ఉంటే పిల్లల పుస్తకమైపోతుందా? కాలింగ్ బెల్ మోగుతుంది, బార్బరా గోర్డన్ వెళ్లి తలుపు తీస్తుంది, ఎదురుగా పూల చొక్కా వేసుకుని జోకర్, మెడలో కెమెరా, చేతిలో తుపాకి. కడుపులో కాలుస్తాడు. వెన్నెముక పోతుంది. ఆ తర్వాత ఆ అమ్మాయి బట్టలు విప్పి ఫొటోలు తీస్తాడు, వాళ్ల నాన్నని నగ్నంగా కట్టి ఆ ఫొటోలు చూపిస్తాడు. 1988లో పెద్దవాళ్ల కోసం వచ్చిన పుస్తకం ఇది, 2016లో యానిమేషన్ సినిమాగా తీస్తే అమెరికాలో ఆర్ రేటింగ్ వచ్చింది, అంటే పెద్దవాళ్ల తోడు లేకుండా పిల్లలు చూడకూడనిది. దీన్ని పుట్టినరోజు గిఫ్ట్ ప్యాక్ చేయించి ఎనిమిదో క్లాస్ పిల్లాడికి ఇస్తారా? మా కజిన్స్ గ్రూపులో ఒక అన్నయ్య "ఆర్డర్ పెట్టేశా" అని థంబ్స్ అప్ కొట్టాడు, నేను ఫోన్ చేసి క్యాన్సిల్ చేయించేసరికి నా ప్రాణం పోయింది.

పిల్లల సంగతి పక్కన పెట్టి పెద్దవాళ్లనే తీసుకుందాం. బార్బరా అంటే ఎవరు? 1967లో వచ్చిన బ్యాట్‌గర్ల్, లైబ్రరీలో పనిచేసే తెలివైన పిల్ల. ఆమెని ఎప్పుడూ చూడని మనిషి మొదటి పుస్తకంగా ఇది తెరిస్తే ఆమె ఎవరు? తలుపు తీసి తూటా తిన్న అమ్మాయి, ఇంకేం లేదు. తర్వాత జాన్ ఆస్ట్రాండర్, కిమ్ యేల్ ఆమెని వీల్‌చెయిర్‌లోనే ఒరాకిల్‌గా నిలబెట్టారు, డీసీ హీరోలందరికీ సమాచారం అందించే బుర్ర అయింది, అది చదివితే కదా ఆమె విలువ తెలిసేది. ఇంకోటి, జోకర్ ఎలా పుట్టాడో తెలుస్తుందట. తెలియదు! ఆ పుస్తకంలోనే జోకర్ తన గతం ఒక్కోసారి ఒక్కోలా గుర్తొస్తుందని చెప్తాడు. అది చదివినవాడు ఎవడూ ఈ వాక్యం రాయడు.

పిల్లలకి ఇవ్వాలంటే సూపర్‌మాన్ స్మాషెస్ ద క్లాన్ ఇవ్వండి. జీన్ లూయెన్ యాంగ్ రాసింది, 1946లో, సూపర్‌మాన్ ఉండే మెట్రోపొలిస్‌లో, చైనాటౌన్ నుంచి అదే ఊళ్లో ఇంకో చోటికి ఇల్లు మారిన చైనీస్ కుటుంబం కథ, ఒక్క పుస్తకంలో అయిపోతుంది. కాస్త పెద్ద పిల్లలకైతే 2014 మిజ్ మార్వెల్. మొదటి పేజీలోనే కథానాయిక, ముస్లిం ఇంటి పిల్ల కమలా ఖాన్ జెర్సీ సిటీలో ఒక కొట్టు కౌంటర్ దగ్గర తను తినకూడని బేకన్ (పంది మాంసం) శాండ్‌విచ్ మీదికి వంగి కళ్లు మూసుకుని వాసన పీలుస్తుంటుంది. న్యూజెర్సీలో పెరుగుతున్న మా అక్క కూతురు ఆ బొమ్మ చూసి పెద్దగా నవ్వింది, దానికి ఎవరూ ఏ చరిత్రా చెప్పాల్సిన పని రాలేదు. పెద్దవాళ్లకి నేను పైన చెప్పిన ఆల్-స్టార్ సూపర్‌మాన్, 12 ఇష్యూలు, ఒకే రైటర్ గ్రాంట్ మారిసన్, ఒకే ఆర్టిస్ట్ ఫ్రాంక్ క్వైట్లీ. నేను చూసేది ఇదే, కథ ఆ పుస్తకంలోనే మొదలై అక్కడే పూర్తవ్వాలి.

ఒక్కటి మాత్రం చెప్పాలి. మొదటి పాయింట్ మీద ఇందాక అంత గట్టిగా రాశాక స్పైడర్‌మాన్ మొదటి కథ మళ్లీ తీసి చదివా. 1962ది, 11 పేజీలే. ఈరోజు కూడా కొత్తవాడికి నిస్సంకోచంగా ఇవ్వొచ్చు, అక్కణ్ణుంచి స్టీవ్ డిట్కో బొమ్మలేసిన 38 నంబర్లు వరసగా చదివినా మంచిదే. 33వ నంబర్లో పీటర్ పెద్ద ఇనుప యంత్రం కింద ఇరుక్కుంటాడు, పైనుంచి నీళ్లు కారుతుంటాయి, మే పిన్నికి కావాల్సిన మందు ఎదురుగా నేల మీద అందనంత దూరంలో. ఎత్తాలని చూస్తాడు, కాదు. మళ్లీ చూస్తాడు. పేజీ పేజీకి ప్యానెల్ పెద్దదవుతూ పోయి, చివరికి ఒక పేజీ మొత్తం నిండా ఆ యంత్రం వాడి భుజాల మీదకి లేస్తుంది. ముందు నంబర్లు చదివి అక్కడికి వచ్చినవాళ్లకి అది ఇంకా బలంగా తగులుతుంది, కాబట్టి స్పైడర్‌మాన్ ఒక్కడి విషయంలో ఆ మెసేజ్ కరెక్టే.

ఫార్వర్డ్ చేయకుండా ఉండలేకపోతే చేయండి, కానీ పంపేముందు ఆ ఆరో పాయింట్ తీసేయండి. ఇప్పటికే పంపేసి ఉంటే ఆ పది మందికీ ఇంకో మెసేజ్ పెట్టండి, పిల్లలకి ఆ పుస్తకం కొనొద్దని.