బయటి నుంచి చూపబడును

లియొనార్డో డా విన్చీ గీసిన ‘లాస్ట్ సప్పర్’ని నేను చూశాను. గోడకి ఇవతలి వైపు నుంచి చూశాను. నవ్వకండి, బ్రోషర్‌లోనే ఉంది: “మిలాన్ – లాస్ట్ సప్పర్ (బయటి నుంచి చూపబడును)”. ఆ బొమ్మ ఒక మఠం భోజనశాలలో, లోపలి గోడ మీద, 1495-98 మధ్య గీసింది. పావుగంటకి కొద్దిమంది చొప్పున లోపలికి పంపిస్తారు, టికెట్లు నెలల ముందే కొనుక్కోవాలి. ముందే కొనాల్సిన కంపెనీ ఆ పని చెయ్యలేదు, బ్రాకెట్లో మూడు మాటలు రాసి ఊరుకుంది. గోడకి ఇవతల ఏముంటుంది? గోడే ఉంటుంది. మేం నలభై నాలుగు మందిమి ఆ గోడ ముందు రెండు వరసల్లో నిలబడి గ్రూప్ ఫోటో దిగి, మన లియొనార్డో గారి ప్రతిభకి ముగ్ధులమై, బస్సెక్కాం.

“ఇటలీ సమగ్ర దర్శనం: నగరాలు, పల్లెలు – 16 రాత్రులు, 17 పగళ్ళు.” మనిషికి నాలుగున్నర లక్షలు. కంపెనీ పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, మీరు ఇంకో కంపెనీలో బుక్ చేసుకుంటారు, వాళ్ళ బ్రోషర్‌లో కూడా ఇదే బ్రాకెట్ ఉంటుంది. ఇలాంటి టూర్‌కి వెళ్ళొచ్చినవాళ్ళు ఇప్పటికే తల ఊపుతున్నారని నాకు తెలుసు. వెళ్ళనివాళ్ళు బ్రోషర్ తీసి, పెద్దక్షరాలు వదిలేసి, బ్రాకెట్లు మాత్రం చదవండి.

అయితే కంపెనీని తప్పు పట్టే ముందు వాళ్ళ తాత్విక భూమిక అర్థం చేసుకోవాలి. శ్రీశైలం వెళ్ళేటప్పుడు శిఖరం కనబడితే చాలు, పునర్జన్మ లేదంటారు కదా. ఆ సిద్ధాంతాన్ని వీళ్ళు ఇటలీ మొత్తానికి వర్తింపజేశారు. కొలోసియం: శిఖర దర్శనం. మిలాన్ కేథడ్రల్: శిఖర దర్శనం. వెనిస్‌లో సెయింట్ మార్క్స్ చర్చి: శిఖర దర్శనం, పావురాలు ఉచితం. ఎటొచ్చీ శ్రీశైలంలో శిఖరం చూశాక గుళ్ళోకి కూడా వెళ్ళనిస్తారు. ఇక్కడ శిఖరం చూశాక దుకాణంలోకి పంపిస్తారు. పదిహేడు రోజుల్లో బ్రాకెట్ లేకుండా, నిండుగా, లోపలి నుంచి చూపించినవి ఏమిటంటే మురానోలో గాజు దుకాణం, ఫ్లోరెన్స్‌లో తోలు దుకాణం, టస్కనీలో ఆలివ్ నూనె దుకాణం, పాంపే దగ్గర శంఖాల మీద బొమ్మలు చెక్కే దుకాణం. గుడి బయటి నుంచి, చెప్పుల స్టాండు లోపలి నుంచి.

బస కూడా అంతే. “వెనిస్‌లో రెండు రాత్రులు” అంటే వెనిస్ కాదు, వంతెన ఇవతలున్న మెస్త్రే. ఫ్లోరెన్స్ బస ఫ్లోరెన్స్‌కి ముప్పావు గంట దూరం. ఊరిని బయటి నుంచి చూడాలంటే ఊరి బయటే ఉండాలి కదా, ఆ మాత్రం నిష్ఠ పాటించారు.

వెనిస్‌లో ఒక చిక్కొచ్చింది. అక్కడ 2024 నుంచి గ్రూపులో ఇరవై ఐదు మందికి మించకూడదు, లౌడ్ స్పీకర్ వాడకూడదు. మా టూర్ మేనేజర్ హైదరాబాద్ కుర్రాడు, ఇరవై ఆరేళ్ళుంటాయి, స్పీకర్ని గబగబా బ్యాగులో కుక్కి మమ్మల్ని ఇరవై రెండు, ఇరవై రెండుగా చీల్చాడు. గైడ్ ఒక్కతే. కాబట్టి మొదటి బ్యాచ్ వెనిస్‌ని బయటి నుంచి చూసింది, రెండో బ్యాచ్ మొదటి బ్యాచ్‌ని బయటి నుంచి చూసింది. గొండోలా “ఐచ్ఛికం”, అంటే మన డబ్బులు: పగలైతే అరగంటకి తొంభై యూరోలు, ఐదుగురు పడతారు. మా ఆవిడ లెక్కేసి, ఆ డబ్బుతో భద్రాచలం దగ్గర గోదావరి మీద వారం రోజులు తిరగొచ్చని తేల్చి, గట్టున కూర్చుంది.

పల్లెల సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను, ఎందుకంటే మాకూ అలాగే తేల్చేశారు. వాల్ డోర్చా అనే లోయ, 2004లో యునెస్కో జాబితాకెక్కింది, గోధుమ చేల మధ్యలో సైప్రస్ చెట్లు, నిజంగానే కళ్ళకి చల్లగా ఉంటుంది. బస్సు రోడ్డు పక్కన పది నిమిషాలు ఆగింది. అందరూ దిగి చెట్లకి వీపు పెట్టి ఫోటోలు తీసుకున్నారు. గ్రామీణ ఇటలీ అయిపోయింది. దానికి బదులు హైవే మీది విశ్రాంతి కేంద్రాల్లో మాత్రం తనివితీరా గడిపాం. డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపితే ముప్పావు గంట ఆపి తీరాలని అక్కడ చట్టం. మా టూర్ మొత్తంలో ఎవడూ కోత పెట్టలేకపోయింది ఆ ముప్పావు గంట ఒక్కటే. డ్రైవరుకి చట్టం ఉంది. వెనక సీట్లలో మోకాళ్ళు పట్టేసి కూర్చున్న నలభై నాలుగు మందికీ బ్రాకెట్ ఉంది.

ఇప్పుడు మాస్టారి గురించి చెప్పాలి.

తెనాలి వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్పై నాలుగేళ్ళు ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యారాయన. భార్య పోయి మూడేళ్ళు, ఒక్కరే వచ్చారు. గొడవ చేసే మనిషి కాదు, రాత్రి భోజనంలో వరసగా తొమ్మిదో రోజు రాజ్మా పెడితే జేబులోంచి కందిపొడి సీసా తీసి నలుగురికీ వడ్డించే మనిషి. పీసాలో అందరూ చేతులు చాపి టవర్‌ని నిలబెడుతుంటే ఆయన పక్కకొచ్చి, “గెలీలియో పుట్టింది ఈ ఊళ్ళోనే, 1564లో. దీని మీంచి రెండు గుండ్లు జారవిడిచాడని ముప్పై నాలుగేళ్ళు చెప్పానండీ. అసలు జరిగిందో లేదో గట్టి రుజువు లేదు. పిల్లలకి ఆ సంగతి కూడా చెప్పేవాణ్ణి” అన్నారు. గెలీలియో ఊగే దీపాన్ని చూసి నాడి పట్టుకుని లెక్కపెట్టాడని కథ చెప్పే చర్చి ఆ పక్కనే. ప్రవేశం ఉచితం. ఉచితమైనా బయటి నుంచే చూపబడింది, టైమ్ లేదు కాబట్టి. సరే అన్నారు మాస్టారు. “రేపు ఫ్లోరెన్స్‌లో సమాధి ఉంది కదా.”

ఫ్లోరెన్స్‌లో మొదట డేవిడ్‌ని చూపించారు. 1504 నాటి మైకెలాంజెలో శిల్పం, పదిహేడడుగులు. ఎండకీ వానకీ బయట ఉంటే రాయి పాడైపోతుందని దాన్ని 1873లో మ్యూజియం లోపలికి తీసుకెళ్ళారు, 1910లో పాత చోట నకలు నిలబెట్టారు. మాకు నకలు చూపించారు. అసలుది పావుగంట నడకలో ఉంది. “రెండూ ఒకటే అంకుల్, సేమ్ టు సేమ్” అన్నాడు మేనేజర్. రాతికి ఎండ తగలకూడదని నూట యాభై ఏళ్ళ కిందటే ఆలోచించిన ఊళ్ళో డెబ్భై దాటినవాళ్ళని ఎండలో నిలబెట్టి నకలు చూపించడానికి ఏడు నిమిషాలు పట్టింది.

తర్వాత తోలు దుకాణం. గంటా ముప్పై ఐదు నిమిషాలు. వాచీ చూసే చెబుతున్నాను.

లోపల బళ్ళోలాగా బెంచీలు. తలుపు వేశారు. ఒకాయన వచ్చి “నమస్కారం, బాగున్నారా?” అన్నాడు. అంతే, సగం మంది అక్కడే పడిపోయారు, అల్లుడు పలకరించినట్టు. తర్వాత ఒక కోటు తీసి లైటర్ అంటించాడు. కాలలేదు. చప్పట్లు. డేవిడ్‌కి కొట్టలేదండీ, కొలోసియంకి కొట్టలేదు, కాలని కోటుకి కొట్టారు. తర్వాత ఫ్యాషన్ షో. ఇరిగేషన్ శాఖలో రిటైరైన బెజవాడ ఆయన్ని లేపి, దూడ తోలు కోటు తొడిగి, బెంచీల మధ్య అటూ ఇటూ నడిపించారు. ఆయన చెయ్యి నడుం మీద పెట్టి తిరిగారు కూడా. తొమ్మిది వందల యూరోలది “మీకు కాబట్టి” నాలుగు వందల యాభై. బెజవాడలో తోలు కోటు ఎక్కడ వేసుకుంటారని వాళ్ళావిడ అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి “ఏటీఎమ్‌లో ఏసీ ఉంటుంది” అన్నారు. కొన్నారు. తర్వాత పర్సులు. పర్సు కొంటే బంగారు రేకుతో మీ పేరు మొదటి అక్షరాలు ఫ్రీగా అచ్చు వేస్తామన్నాడు పాపం, మన పేర్ల సంగతి తెలీక. మొదటి కస్టమరే వి.వి.ఎస్.ఎస్.ఎన్. అనే ఆయన, దాని తర్వాత అసలు పేరు. అచ్చు వేసే అమ్మాయి మూడో అక్షరం దాకా నవ్వుతూనే ఉంది. నాలుగో దానికి పర్సు అంచు వచ్చేసింది. ఐదోది వెనక వైపు వేసింది. రెండో కస్టమరుకి ఇంటి పేరే రెండు మాటలు. ఇహ రేపటి నుంచి ఆ ఆఫర్ పీకేస్తారని నా నమ్మకం. నేనూ ఒక బెల్టు కొన్నాను, ఒప్పుకుంటున్నాను, అరవై యూరోలు.

ఈ సందట్లో మాస్టారు లేచి మేనేజర్ దగ్గరికి వెళ్ళారు. దుకాణం నుంచి నాలుగడుగులేస్తే శాంతా క్రోచే చౌకు. అక్కడే చర్చి. గెలీలియో సమాధి అందులో. మైకెలాంజెలోదీ అందులోనే. “బాబూ, నా టికెట్టు నేనే కొనుక్కుంటా. ఇరవై నిమిషాల్లో వచ్చేస్తా. నాకు కోట్లూ పర్సులూ వద్దు.”

“అది ఐటినరీలో బయటి నుంచి అంకుల్. మీరొక్కరు వెళ్తే అందరూ అడుగుతారు. ఇక్కడ షాపులో హెడ్ కౌంట్ ఉండాలి.”

షాపులో హెడ్ కౌంట్ ఉండాలి!

గెలీలియో 1642లో చచ్చిపోతే, భూమి తిరుగుతుందన్నాడన్న పాపానికి, చర్చి వాళ్ళు ఆయన్ని ప్రధాన మందిరంలో పూడ్చనివ్వకుండా ఓ మూల చిన్న గదిలో పెట్టారు. 1737లో బుద్ధొచ్చి లోపలికి తెచ్చి సమాధి కట్టారు. తొంభై ఐదేళ్ళు పట్టింది, కానీ రానిచ్చారు. ఆయన్ని విచారించి, మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, ఇంట్లో బంధించిన చర్చికే చివరికి మనసు కరిగింది. నాలుగున్నర లక్షలు కట్టిన మనిషికి, సొంత డబ్బుతో, ఇరవై నిమిషాలు, వీళ్ళు ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో నాకు తెలుసు, మీకూ తెలుసు. ఒక తల తగ్గితే ఆ తల మీద రావాల్సింది తగ్గుతుంది. సిగ్గుండాలి. పెన్షన్ డబ్బులు పోగేసుకుని జీవితంలో ఒక్కసారి వచ్చిన మనుషుల్ని, భాష రాక, దారి తెలీక, బస్సు వెళ్ళిపోతుందేమోనన్న టెన్షన్‌తో మీ వెనక జెండా చూసుకుంటూ నడిచే మనుషుల్ని, తోలుకెళ్ళి తోలు దుకాణంలో కట్టేస్తారా? అది చేసి దానికి “సమగ్ర దర్శనం” అని పేరు పెడతారా? మేం మాత్రం ఏం చేశాం, ఆ పూట నలభై ముగ్గురం బెంచీల మీద కూర్చుని కోటు కాలుతుందా లేదా అని చూశాం. ఒక్కడు లేచి “మాస్టారితో నేనూ వెళ్తా” అనలేదు. నేనూ అనలేదు. నేను బెల్టుకి కన్నాలు వేయించుకుంటున్నాను.

చివర్లో అందర్నీ చర్చి ముందు ఐదు నిమిషాలు నిలబెట్టారు. తెల్ల పాలరాయి, ఆకుపచ్చ గీతలు, చాలా బావుంది. ఆ ముఖద్వారం గెలీలియో నాటిది కూడా కాదు, 1863లో పూర్తయిన అతుకు. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని, బడి గంట కొట్టాక పిల్లలు లోపలికి వెళ్ళే దాకా చూసే హెడ్మాస్టరులా, టికెట్టు తీసుకుని లోపలికి వెళ్తున్నవాళ్ళని చూస్తూ నిలబడ్డారు. ఆ ఊళ్ళోనే ఇంకో మ్యూజియంలో గెలీలియో వేలు ఒకటి గాజు బుడ్డిలో దాచి పెట్టారట. మధ్యవేలు. నిటారుగా పైకి చూపిస్తూ ఉంటుంది. అది ఎవరికి చూపిస్తున్నాడో నాకు ఆ రోజు స్పష్టంగా తెలిసింది.

రోమ్ గురించి ఏం చెప్పను. “సిస్టీన్ చాపెల్ (బయటి నుంచి చూపబడును)”. ప్రపంచంలో అందరూ దాని లోకప్పు చూడ్డానికి వెళ్తారు, మేం బయట నిలబడి పైకప్పు చూశాం. పాంపే అనే ఊరు 79లో బూడిద కింద కప్పబడిపోతే 1748 నుంచి తవ్వి, జనం లోపల తిరిగి చూడాలని బయటికి తీశారు. గేటు దగ్గర ఫోటో దిగాం. పదిహేడు రోజుల్లో కంపెనీ మాట నిలబెట్టుకుంది ట్రేవీ ఫౌంటెన్ దగ్గర మాత్రమే. అది న్యాయంగా బయటి నుంచే చూడాలి, లోపలికి దిగితే పోలీసులు ఫైన్ వేస్తారు.

ఆఖరి రోజు ఎయిర్‌పోర్ట్ దారిలో ఫీడ్‌బ్యాక్ ఫారాలు పంచారు. ఐదు చుక్కలు. నేను ఒక్క చుక్కకి సున్నా చుట్టి, వెనక పేజీ నిండా రాసి, చల్లారక ఇంకో కాగితం అడిగాను. పక్క సీట్లో మాస్టారు ఐదు చుక్కలూ నింపేసి, కింద సంతకం పెట్టి తేదీ వేస్తున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇదేంటి మాస్టారూ అన్నాను.

“నిన్న రాత్రి ఆ అబ్బాయిని అడిగానండీ, ఎన్నిసార్లు వచ్చావు ఇక్కడికి అని. పదకొండో ట్రిప్పట. నువ్వయినా లోపలికి వెళ్ళావా అన్నా. లేదు అంకుల్, షాపులోంచి కదిలితే ఒప్పుకోరు అన్నాడు.” పెన్ను జేబులో పెట్టుకున్నారు. “వాడికి మార్కులు తగ్గిస్తే వాళ్ళ యజమానికేం పోతుంది?”