మూట మోసినవాడికే జైలా?
విశాఖ మన్యంలో గంజాయి పట్టుబడిందన్న వార్త చదివాను. అందులో కిలోల లెక్క ఉంది కానీ, సరుకు ఎవరిదన్న ఊసే లేదు. ఎక్కువగా దొరికేది కూలికి మూట మోసిన గిరిజన కుర్రాడే. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల నియంత్రణ) చట్టం కింద గంజాయి 20 కిలోలు దాటితే కనీసం 10 ఏళ్ల జైలు. 37వ సెక్షన్ వల్ల బెయిల్ దొరకడమూ గగనమే. లాయరు ఫీజు కోసం ఇంట్లోవాళ్లు మేకలు అమ్ముకోవాలి. పెట్టుబడి పెట్టినవాడు మాత్రం ఏ నగరంలోనో హాయిగా ఉంటాడు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. రవాణా ఆగిందా? నిషేధం బిగిసేకొద్దీ రిస్క్ పేరుతో రేటు పెరుగుతుంది, ఆ పెరిగిందంతా దళారీ జేబులోకే పోతుంది. ముందు మన్యంలో కాఫీ, మిరియాలు, పసుపుకు గిట్టుబాటు ధర ఇప్పించండి. కూలివాళ్లతో జైళ్లు నింపడం మాని, గంజాయి డబ్బు ఎవరి ఖాతాలోకి వెళ్తోందో తేల్చండి.