వేలు ఎక్కడుందన్నది ఒక్కటే ప్రశ్న కాదు

పోలీసు చేతిలోని తుపాకీ అనుకోకుండా పేలిన ప్రతిసారీ తెలుగు పత్రికల్లో ‘గన్ మిస్‌ఫైర్’ అన్న శీర్షిక కనిపిస్తుంది. ఆయుధాలతో పనిచేసేవారి భాషలో మిస్‌ఫైర్ అంటే దీనికి పూర్తిగా విరుద్ధం. ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోవడం. ఇది పట్టించుకోనక్కర్లేని పొరపాటే అనిపించవచ్చు గానీ, అనుకోని కాల్పుల విషయంలో ఏ మాట వాడామన్నదే చాలాసార్లు తీర్పు అయిపోతుంది. అమెరికా పోలీసు శాఖల్లో ఇలాంటి ఘటనను ‘ప్రమాదవశాత్తు’ అని రాస్తే ఎవరి తప్పూ లేనట్టు, ‘నిర్లక్ష్యం’ అని రాస్తే ఆ అధికారిదే తప్పయినట్టు. తప్పు తుపాకీ నిర్మాణంలో ఉండవచ్చని చెప్పే మాట ఈ రెంటిలోనూ లేదు. సిగ్ సావర్ కంపెనీ తయారుచేసే పీ320 పిస్టల్ చుట్టూ కొన్నేళ్లుగా నడుస్తున్న వివాదానికి మూలం ఈ ఖాళీలోనే ఉంది.

ముందుగా యంత్రం సంగతి. పాత తరం పిస్టళ్లలో వెనుకవైపు బయటికి కనిపించే హ్యామర్, అంటే దెబ్బకొట్టి తూటాను పేల్చే చిన్న సుత్తి, ఉండేది. అది ఎత్తి ఉందో దించి ఉందో కంటితో చూసి, బొటనవేలితో తడిమి తెలుసుకోవచ్చు. స్ట్రైకర్ పద్ధతి పిస్టల్లో ఆ పని స్లైడ్ (పిస్టల్ పైభాగంలో ముందుకూ వెనక్కీ కదిలే లోహపు తొడుగు) లోపల దాగిన స్ప్రింగు, దాని ఒత్తిడితో ముందుకు దూకే సూదిలాంటి స్ట్రైకర్ చేస్తాయి. ఆస్ట్రియా సైన్యం 1982లో గ్లాక్ అనే స్ట్రైకర్ పిస్టల్‌ను ఎంచుకున్నాక ఈ పద్ధతి పోలీసు ప్రపంచమంతా వ్యాపించింది. తేలిక, చవక, ప్రతి తూటాకూ ఒకేలా ఉండే ట్రిగ్గర్, ఆపదలో వెతుక్కోవలసిన సేఫ్టీ మీట లేకపోవడం దీని ఆకర్షణలు. అయితే స్ట్రైకర్ పిస్టళ్లన్నీ ఒకటి కావు. గ్లాక్‌లో స్ట్రైకర్ విశ్రాంతి స్థితిలో సగం మాత్రమే బిగుసుకుని ఉంటుంది, మిగతా బిగింపును ట్రిగ్గర్ లాగే వేలే పూర్తిచేయాలి. ట్రిగ్గర్ మధ్యలో నాలుకలాంటి చిన్న పలక ఒకటి ఉండి, వేలు దానిపై సూటిగా పడితే తప్ప ట్రిగ్గర్‌ను కదలనివ్వదు. పీ320లో స్లైడ్ వెనక్కి వెళ్లి వచ్చేసరికే స్ట్రైకర్ దాదాపు పూర్తిగా బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ పని దాన్ని వదిలిపెట్టడమే. ప్రామాణిక నమూనాలో ఆ నాలుక పలక కూడా లేదు. స్ట్రైకర్‌ను పట్టి ఉంచే సియర్ జారినా అడ్డుపడేందుకు లోపల స్ట్రైకర్ సేఫ్టీ లాక్ ఉందని కంపెనీ చెబుతుంది, ఉన్నమాట నిజమే. కానీ విశ్రాంతిలో ఉన్న యంత్రంలో ఎంత శక్తి కాచుకుని ఉంది, దాన్ని ఎన్ని అడ్డుకట్టలు ఆపుతున్నాయి అన్న లెక్కలో గ్లాక్, పీ320 ఒకే స్థాయివి కావు.

పీ320 2014లో మార్కెట్లోకి వచ్చింది. 2017 జనవరిలో అమెరికా సైన్యం బెరెట్టా ఎం9 స్థానంలో దీని రూపాంతరాలైన ఎం17, ఎం18లను ఎంచుకుంది. ఒప్పందం విలువ 58 కోట్ల డాలర్ల వరకు. అదే ఏడాది ఆగస్టులో, ఈ పిస్టల్ వెనుక భాగం నేలకు తగిలేలా ఒక ప్రత్యేక కోణంలో పడితే పేలుతోందని చూపే వీడియోలు బయటికొచ్చాయి. డాలస్ పోలీసు శాఖ వాడకాన్ని ఆపింది. కారణం విచిత్రంగా సరళమైనది: ట్రిగ్గర్ బరువెక్కువ. తుపాకీ నేలను తాకి ఆగిపోయినా, ట్రిగ్గర్ మాత్రం తన బరువు కొద్దీ వెనక్కి కదులుతూనే ఉంటుంది. అంటే వేలు లేకుండానే ట్రిగ్గర్ నొక్కినట్టవుతుంది. పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న పరీక్షలో పిస్టల్‌ను నాలుగు అడుగుల ఎత్తునుంచి రబ్బరు చాపపై ఆరు దిశల్లో పడేస్తారు. ప్రాణం తీసే ఆ వంపు కోణం ఆ ఆరింటిలో లేదు. కాబట్టి ప్రమాణాలన్నీ పాటించామన్న మాటా అబద్ధం కాదు, కింద పడితే పేలుతుందన్న మాటా అబద్ధం కాదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ లోపం కన్నా, దాన్ని దిద్దిన తీరు. సైన్యం జరిపిన పరీక్షల్లోనూ ఇదే లోపం బయటపడిందనీ, కంపెనీ ట్రిగ్గర్ భాగాల బరువు తగ్గించే మార్పును ప్రతిపాదించిందనీ 2018 జనవరిలో వెలువడిన పెంటగాన్ పరీక్షల విభాగం నివేదిక నమోదు చేసింది. పోలీసులకూ పౌరులకూ అమ్మిన పిస్టళ్లకు మాత్రం వీడియోలు వచ్చాక ప్రకటించింది ‘స్వచ్ఛంద అప్‌గ్రేడ్’. రీకాల్, అంటే లోపమున్న సరుకును వెనక్కి పిలిపించడం, అన్న మాట వాడలేదు. పిస్టల్ సురక్షితమే, ఇంకాస్త మెరుగుపరుస్తున్నాం అన్న ధ్వని అందులో ఉంది. తుపాకీని తిరిగి పంపాలా వద్దా అన్నది యజమాని ఇష్టానికి వదిలేశారు.

అప్‌గ్రేడ్ తర్వాత కథ ముగియలేదు. ఒరలో ఉండగానే, ఎవరూ తాకకుండానే పేలిందన్న ఫిర్యాదులు కొనసాగాయి. వాషింగ్టన్ పోస్ట్ పత్రిక, తుపాకుల వార్తలు రాసే ది ట్రేస్ సంస్థ 2023లో కలిసి జరిపిన పరిశోధన ప్రకారం, ట్రిగ్గర్ నొక్కకుండానే తమ పీ320 పేలిందని ఆరోపించినవారు వందమందికి పైగా, గాయపడినవారు కనీసం 80 మంది. మిల్వాకీ పోలీసు శాఖ 2022లో దీన్ని వదిలి గ్లాక్‌కు మారాలని నిర్ణయించింది. ట్రిగ్గర్ లాగకుండా పీ320 ఎట్టి పరిస్థితుల్లోనూ పేలదన్నది కంపెనీ సమాధానం. 2025లో దాన్ని మరింత గట్టిగా చెప్పింది.

ఈ సమాధానాన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు, ఎందుకంటే మనిషి వేలు నమ్మదగిన సాక్షి కాదు. కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన శరీరధర్మ శాస్త్రవేత్త రోజర్ ఎనోకా ఇష్టంలేకుండానే వేలు బిగుసుకునే సందర్భాలు మూడింటిని వివరించారు. ఒక చేత్తో దేన్నైనా గట్టిగా పట్టుకున్నప్పుడు రెండో చేయి కూడా బిగుసుకోవడం, కాలు జారి తూలినప్పుడు చేతులు పట్టు కోసం మూసుకోవడం, ఉలిక్కిపడినప్పుడు పిడికిలి బిగుసుకోవడం. పారిపోతున్న వ్యక్తి చొక్కాను ఎడమ చేత్తో ఒడిసిపట్టి, కుడి చేతిలో పిస్టల్ ఉంచుకున్న పోలీసుకు ఈ మూడూ ఒకే క్షణంలో ఎదురుకావచ్చు. తర్వాత అతను ‘నేను నొక్కలేదు’ అంటే అది అబద్ధం కాదు. అతనికి తెలిసినంతవరకు నిజమే.

చరిత్ర కూడా ఇదే చెబుతుంది. వాషింగ్టన్ నగర పోలీసులు 1980ల చివర్లో గ్లాక్‌కు మారాక పదేళ్లలో 120కి పైగా అనుకోని కాల్పులు జరిగాయని వాషింగ్టన్ పోస్ట్ 1998లో వెల్లడించింది. లాస్ ఏంజిలస్ కౌంటీ షెరిఫ్ విభాగం బెరెట్టా నుంచి స్మిత్ అండ్ వెసన్ వారి స్ట్రైకర్ పిస్టల్‌కు మారుతున్న కాలంలో అలాంటి ఘటనలు 2012లో 12 ఉండగా 2014లో 30కి చేరాయి. ఆ రెండు చోట్లా తుపాకులు వాటంతట అవి పేలుతున్నాయన్నది ప్రధాన వాదన కాదు. బెరెట్టాలో మొదటి తూటాకు ట్రిగ్గర్‌ను దాదాపు రెట్టింపు బరువుతో, చాలా దూరం లాగాలి. ట్రిగ్గర్‌పై వేలు ఆనించి ఉంచే దురలవాటును పాత తుపాకీ ఓర్చుకుంది, కొత్తది ఓర్చుకోలేదు. అలవాటు మారకుండా ఆయుధం మారితే జరిగేది ఇదే. ఇక్కడ శిక్షణ లోపమూ ఉంది, నిర్మాణం ఇచ్చే వెసులుబాటు తగ్గడమూ ఉంది. ఒకటి ఉంటే రెండోది లేనట్టు వాదించడం ఎవరి సౌకర్యం కోసమో అర్థం కాదు.

వేలుకూ యంత్రానికీ మధ్య మూడోది ఒర. పిస్టల్ కింద టార్చిలైటు బిగించినప్పుడు ఒర వెడల్పు కావాలి, దాంతో ట్రిగ్గర్ దగ్గర సందు పెరుగుతుంది. జాకెట్ తాడు చివర, తాళంచెవి, చొక్కా అంచు ఆ సందులో దూరగలవు. కెనడా ప్రత్యేక దళాల్లో 2020లో ఒక పీ320 ఒరలోనే పేలి సైనికుడు గాయపడినప్పుడు, వేరే పిస్టల్ కోసం చేసిన ఒరలో బయటి వస్తువు ట్రిగ్గర్‌ను కొంతమేర నొక్కడం, అదే సమయంలో స్లైడ్ కదలడం కలిసి కారణమయ్యాయని విచారణ తేల్చింది. కంపెనీ దీన్ని తనకు అనుకూలమైన సాక్ష్యంగా చూపుతుంది. నాకు మాత్రం ఇందులో ‘కొంతమేర’ అన్న మాటే ముఖ్యంగా కనిపిస్తోంది. ట్రిగ్గర్ పూర్తిగా లాగకుండానే, స్లైడ్ కాస్త కదిలితే పేలే స్థితికి చేరే పిస్టల్‌ను రోజంతా కారు ఎక్కి దిగుతూ, మెట్లు పరుగెత్తుతూ, పెనుగులాటల్లో ఉండే మనిషి నడుముకు కట్టవచ్చా అన్నది అసలు ప్రశ్న.

2024 జూలైలో మిషిగన్ రాష్ట్ర పోలీసు అధికారి ఒరలోని ఎం18 పేలగా, ఎఫ్‌బీఐ ప్రయోగశాల దాన్ని పరిశీలించింది. విధుల్లో మామూలుగా ఎదురయ్యే కదలికలతోనే స్ట్రైకర్ సేఫ్టీ లాక్‌ను పనిచేయకుండా చేయడం సాధ్యమేనని ఆగస్టు నివేదికలో రాసింది. విధానం సవరించి జరిపిన తర్వాతి పరీక్షల్లో అది పునరావృతం కాలేదని కంపెనీ ఎత్తిచూపుతోంది. 2025 జూలైలో వ్యోమింగ్‌లోని వైమానిక స్థావరంలో ఒక సిబ్బంది ఎం18 తూటాకు చనిపోగా, వైమానిక దళంలోని గ్లోబల్ స్ట్రైక్ కమాండ్ విభాగం ఆ పిస్టల్ వాడకాన్ని నిలిపివేసింది. కొద్ది వారాలకే మరో సిబ్బంది తప్పుడు వాంగ్మూలం, అనుద్దేశపూర్వక హత్య ఆరోపణలపై అరెస్టయ్యారు. తనిఖీల తర్వాత పిస్టళ్లు తిరిగి విధుల్లోకి వచ్చాయి. అప్రతిష్ఠ పాలైన తుపాకీపై నేరం మోపడం ఎంత తేలికో ఆ ఉదంతం చూపింది. మిషిగన్ నివేదికను కంపెనీ అభిమానులు మరచినట్టే, వ్యోమింగ్ అరెస్టును విమర్శకులు మరచిపోతుంటారు.

ఇంత గందరగోళాన్ని తేల్చగల నిష్పాక్షిక సంస్థ అమెరికాలో లేదు. 1972 నాటి వినియోగ వస్తువుల భద్రతా చట్టం తుపాకులను తన పరిధిలోంచి తప్పించింది. కారు బ్రేకులో లోపముంటే రీకాల్‌కు ఆదేశించే ప్రభుత్వ విభాగం ఉంది, పిస్టల్ సియర్‌కు లేదు. మిగిలింది కోర్టు. 2024 జూన్‌లో జార్జియా జ్యూరీ 23.5 లక్షల డాలర్లు, నవంబరులో ఫిలడెల్ఫియా జ్యూరీ 1.1 కోట్ల డాలర్ల పరిహారం ప్రకటించాయి. మరికొన్ని కేసుల్లో కంపెనీయే గెలిచింది. కొందరు సామాన్యులు సియర్ అంచుల కొలతలపై ఇద్దరు నిపుణుల వాదన విని తేల్చేది భద్రతా ప్రమాణం ఎలా అవుతుంది? ఆ దారినీ ఇరుకు చేస్తూ, సిగ్ సావర్ కేంద్ర కార్యాలయమున్న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం, బయటి సేఫ్టీ మీట లేకపోవడాన్ని లోపంగా చూపి దావా వేయకుండా 2025లో చట్టం చేసింది. సైన్యం కొన్న నమూనాకు ఆ మీట ఉంది, చాలా పోలీసు శాఖలు కొన్నదానికి లేదు.

ఈ లోగా ఒక్కో శాఖ ఒక్కో దారి పట్టింది. వాషింగ్టన్ రాష్ట్ర నేర న్యాయ శిక్షణ కమిషన్ 2025లో తన శిక్షణ ప్రాంగణాల్లో పీ320ని నిషేధించింది. అది ప్రాంగణం వరకే వర్తించే ఆంక్ష. అక్కడ వేరే పిస్టల్‌తో శిక్షణ పూర్తిచేసుకున్న కొత్త పోలీసు, తన శాఖ పీ320నే ఇస్తున్నట్టయితే, మర్నాడు దాన్నే నడుముకు కట్టుకుని వీధిలోకి వెళ్లవచ్చు.