సవరణ: బాణం గుర్తు తిరగబడింది

బాప్టిస్టు సెమినరీ చాపెల్‌లో విన్న, రక్షణ (పాపాల నుంచి విడుదల) మీద ప్రసంగం గురించి మొన్న పోస్టు పెట్టాను కదా. అందులో "1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం ద్వారా రక్షణ పొందారు, అందరికీ క్లౌ దొరే ఇచ్చారు" అని రాశాను (క్లౌ అంటే ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ). అంకె, తేదీ, నది పేరు సరైనవే. మిగతాదంతా తప్పు.

ప్రసంగీకులు చెప్పింది దీనికి పూర్తిగా తలకిందులు. నా నోట్‌బుక్‌లో "రక్షణ → బాప్తిస్మం" అని ఉంది. హడావిడిలో బాణాన్ని వెనక్కి చదివేశాను! బాప్టిస్టుల బోధలో రక్షణ విశ్వాసం ద్వారా, కృపచేతనే. అందుకు ఆధారం ఎఫెసీ 2:8. నీళ్లలో మునగడం ఆ విశ్వాసాన్ని నలుగురి ముందు ఒప్పుకోవడమే. అందుకే వాళ్లు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. పాపక్షమాపణ కోసం బాప్తిస్మం పొందమనే అపొస్తలుల కార్యములు 2:38ని వేరే సంఘాలవాళ్లు ఇంకోలా చదువుతారు, ఆ వాదన పాతదే, ఇక్కడ ఎత్తను.

ఇక రెండోది. ఒంగోలు దగ్గర వెల్లంపల్లి రేవులో ఆ రోజు నీళ్లలో దిగి బాప్తిస్మాలిచ్చింది అభిషేకం పొందిన ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున. క్లౌ ఒడ్డునే ఉన్నారు.

పాత పోస్టులో ఆ వాక్యం కొట్టేశాను. కామెంట్లో పట్టుకున్న పాస్టరుగారికి థ్యాంక్స్.